నిద్రించు కంఠమును చూచిన కథ

కంఠమే జీవనాధారమైన మావంటి వారము మొదట తలచుకొనవలసిన వాడు ఒక సంగీతోపాధ్యాయుడు. స్పెయిను దేశీయుడైన మాన్యుయల్ గార్షియా 1854లో దంతవైద్యుల చిన్న అద్దమును గొంతులోనికి పోనిచ్చి, చేతి అద్దముతో సూర్యకాంతిని దానిపై ప్రసరింపజేసి, తన స్వరతంత్రుల కదలికను తానే చూచెను. మరుసటి సంవత్సరము ఆ వివరములు లండనులోని రాయల్ సొసైటీలో చదువబడెను.

కాని అది మేల్కొన్న కంఠము. నిద్రించు కంఠమును చూచుట ఎట్లు? నోట అద్దము పెట్టినచో నిద్ర నిలుచునా?

ఈ ప్రశ్న వట్టి కుతూహలము కాదు. రాత్రియంతయు గురక పెట్టి, పగలు కూర్చున్న చోటనే కునుకు తీయువానిని లోకము సోమరి యనెను. నిద్ర సుఖ మెరుగదని నవ్వి ఊరకుండెను. 1965లో ఫ్రాన్సున గాస్టో, టస్సినారి, డ్యూరోలును, జర్మనీలో యుంగ్, కూలోలును అట్టి రోగుల నిద్రను యంత్రములతో నమోదు చేసి, వారి ఊపిరి మాటిమాటికి ఆగుచున్నదని కనుగొనిరి. ఛాతీ పెనుగులాడుచున్నను గాలి లోనికి పోదు. దేహము ఉలికిపడును, ఊపిరి వచ్చును, మరల నిద్ర, మరల ఆటంకము. వానిది సోమరితనము కాదు, తీరని నిద్ర. 1969లో కూలో, ఆయన సహచరులు గొంతు క్రింద శ్వాసనాళమునకు రంధ్రము చేసి ఇట్టి రోగికి ఉపశమనము కలిగించిరి.

అయితే లోపల మూతపడు చోటు ఏది? మెత్తని అంగిలియా, నాలుక మొదలా, గొంతు ప్రక్కగోడలా?

ఇది చూపగల సాధనమునకు బీజము 1954లో పడినది. లండనులో హాప్కిన్స్, పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ సన్నని గాజుపోగుల కట్టగుండ బొమ్మను పంపవచ్చునని ప్రకటించిరి. ఆ విద్య పెరిగి, ముక్కులోనుండి గొంతులోనికి వంగి దిగు సన్నని దర్శినిగా పరిణమించెను. 1978లో అమెరికాలో బొరోవియెకీ, వైట్జ్‌మన్ ప్రభృతులు మత్తుమందు లేకయే రోగులు నిద్రించుచుండగా ఆ దర్శినితో వారి గొంతు మూతపడుటను కన్నులార చూచిరి. రోగులు నిద్రాభారముతో క్రుంగినవారగుట అందుకు తోడ్పడినదని తలచవచ్చును.

అందరికిని అట్లు నిద్ర పట్టదు. ముక్కున గొట్టము, చుట్టును మనుష్యులు, ఎదురుచూపు. అందుచేత 1991లో లండను వైద్యులు క్రాఫ్ట్, ప్రింగిల్ మత్తుమందుతో నిద్రింపజేసి చూచు పద్ధతిని ప్రకటించిరి. అది సులభమైనది గనుక వ్యాపించినది. కాని మందు కండరములను అధికముగా సడలించవచ్చును. సహజనిద్రలోని దశలన్నియు దానిలో రావు. శస్త్రవైద్యుడు ఎచ్చట కత్తి పెట్టవలెనో నిర్ణయించుటకు ఈ పరీక్ష తోడగును గనుక ఆ భేదము చిన్నది కాదు. సహజనిద్రయే నేటికిని ప్రమాణము.

గార్షియా అద్దము మొదలు నేటి దర్శిని వరకు సాధనములెన్ని వచ్చినను, మత్తుమందు లేని నిద్రను ప్రతిరాత్రియు చూచువారు ఇంటివారే. ప్రక్కమంచముపై గురక హఠాత్తుగా ఆగి, కొంతసేపటికి ఉక్కిరిబిక్కిరియై మరల మొదలైనచో, దానిని నవ్వి విడువక వైద్యునికి తెలుపుడు. నిద్రించువాడు తనంతట తాను ఆ మాట చెప్పలేడు.