ఎర్రబస్సులో ఢిల్లీ పాలు ఎంత?

మా ప్రాంతంలో ఇంటికొక ఈరన్న ఉంటాడు. ఈరన్న లేని ఇంట్లో ఉరుకుందప్పో ఉరుకుందమ్మో ఉంటారు. కౌతాళం మండలంలోని ఉరుకుంద నరసింహ ఈరన్న స్వామి మీద మా వారికున్న గురి అటువంటిది. శ్రావణమాసం వచ్చిందంటే కర్నూలు, అనంతపురం సీమలవారే కాక బళ్ళారి, రాయచూరు, పాలమూరు ప్రాంతాలవారు కూడా అక్కడికి చేరుతారు. ఉరుకుందకు రైలు లేదు. పక్కనున్న ఎమ్మిగనూరు ఎంత పేరు పొందిన నేతపట్టణమైనా దానికీ రైలు లేదు. ఆదోనికి మాత్రం 1871 ప్రాంతాననే మద్రాసు, బొంబాయిల మధ్య ఇనుపదారి వచ్చినది. ఆదోనిలో రైలు దిగిన భక్తుడు స్వామి సన్నిధికి చేరాలంటే బస్సే గతి.

ఈ బస్సు ఎవరిది? "ఇంకెవరిది, ఆర్టీసీది" అంటారు. ఆర్టీసీ ఎవరిది? "ప్రభుత్వానిది" అంటారు. ఏ ప్రభుత్వానిది? ఇక్కడికి వచ్చేసరికి మా ఊరి రచ్చబండ కూడా మౌనం వహిస్తుంది. రాష్ట్రానిదే అనుకుంటాము. అది సగం సత్యము మాత్రమే. ఈ ఎర్రబస్సును పుట్టించిన శాసనము ఢిల్లీది. దాని మూలధనంలో ఒక పాలు కూడా ఢిల్లీదే. ఆ పాలు ఎలా వచ్చింది, ఎలా ఆగిపోయింది, దాని వలన మా వంటి మారుమూల ప్రాంతాలకు ఒరిగినదేమి అన్నది నాకు తెలిసినంతలో చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందుగా ఒక మాట. "ప్రజారవాణా" అని పత్రికలవారు వ్రాస్తుంటారు. సంస్కృత పదానికి అన్యదేశ్యాన్ని అతికించిన ఆ సమాసాన్ని చూస్తే మా గురువులు వైరిసమాసమని ఎర్రసిరాతో కొట్టివేసేవారు. కానీ ఈ చరిత్ర చదివాక ఆ మాటే సరిపోయిందనిపిస్తుంది. ప్రజలకూ రవాణాకూ మధ్య, కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య, రైలుకూ బస్సుకూ మధ్య జరిగిన వైరాలన్నీ అందులో ఇమిడి ఉన్నాయి.

రైలుతో మొదలు పెట్టాలి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మోటారు బస్సులు పెరిగినవి. రైలుదారి పక్కనే రోడ్డు ఉన్నచోట అవి తక్కువ ఛార్జీకి జనాన్ని ఎక్కించుకొని పోసాగాయి. రైళ్ళలో పెట్టిన పెట్టుబడి ప్రభుత్వానిది. దానికి వడ్డీ గిట్టాలి. 1932లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులను ఈ రోడ్డు-రైలు పోటీని పరిశీలించమన్నారు. ఆ ఆలోచనలన్నిటి పర్యవసానమే 1939 నాటి మోటారు వాహనాల చట్టము. పర్మిట్ లేనిదే బస్సు కదలకూడదన్నది దాని సారం. ప్రయాణికుల క్షేమం పేరిట వచ్చినదైనా, ఆ శాసనపు మనసులో రైలు రాబడి మీద బెంగ ఉన్నది. నిజాం రాజ్యంలో మరొక ఉపాయం చేశారు. బస్సులతో పోటీపడే బదులు రైల్వేవారే బస్సులు నడిపితే పోలేదా అని 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన క్రింద రోడ్డు రవాణా విభాగాన్ని తెరిచింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. నేటి ఆర్టీసీలకు అదే మూలపురుషుడు.

ఆ సమయంలో మా ఆదోని నిజాం రాజ్యంలోనిది కాదు, కర్నూలు జిల్లాలోనిదీ కాదు. 1800లో నిజాము దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించిన తరువాత ఈ తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి బళ్ళారి మైసూరుకు పోయినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. రాయదుర్గం అనంతపురానికి పోయింది. మా పెద్దల కాలంలో ఇక్కడ తిరిగినవన్నీ ప్రైవేటు బస్సులే. బస్సు నిండితేనే కదిలేదనీ, సంతరోజున ఒక ఛార్జీ, మామూలు రోజున ఒక ఛార్జీ ఉండేదనీ వారు చెప్పగా విన్నాను. అదే సమయంలో, చేయెత్తితే ఇంటి ముందర ఆపేవాడనీ, అరువు కూడా పెట్టేవాడనీ మురిసిపోయేవారు. రెండూ నిజమే అయ్యుంటాయి.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో మోటారు వాహనాలను ఉమ్మడి జాబితాలో చేర్చారు. వాహనాల మీద పన్ను వేసే అధికారాన్ని మాత్రం రాష్ట్రాలకే వదిలారు. అంటే వాహనం ఎలా నడవాలో ఢిల్లీ చెప్పవచ్చును. దాని మీద పన్ను రాష్ట్రం పిండుకోవచ్చును. ఇక రాష్ట్రం తానే బస్సు నడపదలిస్తే? దానికి 1950లో పార్లమెంటు రోడ్డు రవాణా సంస్థల చట్టం చేసింది. అందులోని 23వ సెక్షను మన కథకు ఆయువుపట్టు. సంస్థకు కావలసిన మూలధనాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు తమలో తాము ఒప్పుకొన్న నిష్పత్తిలో సమకూర్చవచ్చునని అది చెబుతుంది. ఆ మీదట వాడుకలో స్థిరపడిన నిష్పత్తి రాష్ట్రానివి రెండు పాళ్ళు, కేంద్రానిది ఒక పాలు. కేంద్రం తన పాలును ఏ పెట్టెలో నుండి తీసి ఇచ్చింది? రైల్వే పెట్టెలో నుండి! పూర్వం బస్సును పగవానిగా చూసిన రైలే ఇప్పుడు దానికి భాగస్వామి అయినది. అల్లుణ్ణి కట్టడి చేయాలంటే ఇల్లరికం తెచ్చుకోవాలి కదా.

అదే చట్టంలో 22వ సెక్షను, సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. 34వ సెక్షను, రాష్ట్ర ప్రభుత్వం ఆదేశాలిస్తే సంస్థ పాటించాలంటుంది. 30వ సెక్షను, వడ్డీలూ నిధులూ పోగా మిగిలిన లాభాన్ని రోడ్ల అభివృద్ధికై రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాలంటుంది. లాభం వస్తే ఎవరికి పోవాలో ఇంత స్పష్టంగా చెప్పిన శాసనకర్తలు, నష్టం వస్తే ఎవరు భరించాలో అంత స్పష్టంగా చెప్పలేదు. ఈ డెబ్బయ్యయిదేళ్ళ గొడవలకు బీజం అక్కడే పడిందని నా అభిప్రాయం.

మూలధనం ఉంటే చాలదు. రోడ్డు ఖాళీ కావాలి. ఉన్న ప్రైవేటు వారిని లేపాలి. దీనికి 1956లో పార్లమెంటు 1939 చట్టానికి నాలుగు-ఏ అధ్యాయాన్ని చేర్చింది. సమర్థంగా, చాలినంతగా, పొదుపుగా, సమన్వయంతో సేవ అందించడానికి అవసరమని రవాణా సంస్థ 'అభిప్రాయపడితే' పథకం ప్రకటించవచ్చును. నష్టపరిహారం? రద్దయిన పర్మిటుకు ఇంకా ఎన్ని నెలల గడువు మిగిలి ఉంటే నెలకు 200 రూపాయల చొప్పున. పదిహేను రోజులకు మించని గడువుకైతే ఒక వంద. బస్సులు కొనవలసిన పని లేదు. ఇది కేంద్రం రాష్ట్రాలకు రొక్కంగా ఇవ్వని పెద్ద సహాయం. ఏ రాష్ట్రమైనా దారులను అంత చవకగా చేజిక్కించుకోగలగడం ఈ ఒక్క అధ్యాయం వల్లనే సాధ్యమైనది.

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కృష్ణా జిల్లా బస్సుల జాతీయీకరణ మీద గుళ్ళపల్లి నాగేశ్వరరావు వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ ఏడే పథకాన్ని కొట్టివేసింది. అభ్యంతరాలను విన్నవాడు ఒకడు, నిర్ణయించినవాడు మరొకడు అయితే అది వినికిడి ఎలా అవుతుందని ప్రశ్నించింది. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ ఆ తీర్పును వల్లె వేస్తారు. కానీ మా జిల్లా వంతు వచ్చినప్పుడు జరిగినది దానికన్న పెద్దది.

1962లో నీలం సంజీవరెడ్డి గారు రెండవ మారు ముఖ్యమంత్రి అయ్యారు. సంస్థ అంతకు ముందు అనుకొన్న వరుసలో ఇతర జిల్లాలు ముందున్నాయి. ఆ వరుస మారి కర్నూలు జిల్లా ముందుకు వచ్చింది. జిల్లాలోని కొన్ని ప్రాంతాల జాతీయీకరణకు పథకాలు వెలువడ్డాయి. బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. తమలో కొందరు ముఖ్యమంత్రికి రాజకీయ ప్రత్యర్థులనీ, వారిని దెబ్బతీయడానికే వరుస మార్చారనీ వారి ఆరోపణ. రౌజీ కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో 1964 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు వ్రాశారు. అంత తీవ్రమైన ఆరోపణకు ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేయలేదన్నది న్యాయస్థానం గుర్తించింది. ఇక అసలు మర్మం ఆ చిన్నమాటలో ఉన్నది: 'అభిప్రాయపడితే.' ఎవరు అభిప్రాయపడాలి? సంస్థ. ఇక్కడ అభిప్రాయం సంస్థది కాదు, ముఖ్యమంత్రిది. సంస్థ దానికి తలయూపింది. కనుక పథకాలు చెల్లవన్నారు. ఆ నెలలోనే సంజీవరెడ్డి గారు పదవికి రాజీనామా చేశారు. ఫిబ్రవరి 29న కాసు బ్రహ్మానందరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు.

వ్యాకరణం చదువుకొన్నవాణ్ణి కనుక ఒక క్రియకు కర్త ఎవరన్న ప్రశ్నతో ఒక ముఖ్యమంత్రి దిగిపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. సంజీవరెడ్డి గారి విషయంలో ఒక మాట న్యాయంగా చెప్పాలి. కోర్టు తన మీద నేరం మోపి దింపివేయలేదు. పథకాలను మాత్రమే కొట్టివేసింది. ఆయన పదవిని వదులుకొన్నారు. తరువాత 1977లో రాష్ట్రపతి కూడా అయ్యారు.

అదే 1964లో, జూలై 9న, అమెరికాలో అధ్యక్షుడు జాన్సన్ పట్టణ ప్రజారవాణా చట్టం మీద సంతకం చేశాడు. నగరాలలోని బస్సు కంపెనీలు దివాలా తీస్తుంటే, కొత్త వాహనాల కొనుగోలు వంటి పెట్టుబడి ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా కేంద్రమే ఇవ్వడానికి అది వీలు కల్పించింది. అక్కడ కేంద్రం రెండు పాళ్ళు, ఇక్కడ కేంద్రం ఒక పాలు! 1982లో వారు పెట్రోలు మీద పన్నును గ్యాలనుకు ఐదు సెంట్లు పెంచినప్పుడు అందులో ఒక సెంటును ప్రజారవాణాకని వేరే ఖాతాలో వేశారు. మన దేశంలో 1929 నుండీ పెట్రోలు మీద సుంకంతో కేంద్ర రోడ్డు నిధి ఉన్నది. 2000లో దానికి చట్టం కూడా చేశారు. ఆ నిధి రోడ్డు కోసం పుట్టినది. రోడ్డు మీద నడిచే బస్సుకు అందులో ప్రత్యేకించిన పైసా లేదు. అలాగని అమెరికాలో బస్సులు బాగున్నాయని కాదు. మా పిల్లల వద్దకు వెళ్ళి వచ్చిన తోటి ఉపాధ్యాయులు అక్కడ కారు లేనివాడు కాళ్ళు లేనివాడితో సమానమని చెబుతారు. ఒక సెంటుకు అంతకన్నా శక్తి ఎక్కడిది?

మన దగ్గర రైల్వే పెట్టెలో నుండి వచ్చే పాలు ఎనభయ్యవ దశకం ముగిసేసరికి ఎండిపోయింది. లెక్క చూడండి. ఏపీఎస్ ఆర్టీసీ మొత్తం మూలధనం 201 కోట్లు; అందులో రాష్ట్రానివి 140 కోట్లు, కేంద్రానివి 61 కోట్లు. ఉమ్మడి రాష్ట్రపు చివరి ఏండ్లలో సంస్థ రోజువారీ రాబడి రమారమి ఇరవై కోట్లు. అంటే ఢిల్లీ ముప్పై ఏళ్ళ పాటు పెట్టిన పెట్టుబడి, మూడు రోజుల టిక్కెట్ల పైకంతో సమానమన్నమాట. 1999లో 18,397 బస్సులతో ప్రపంచంలోనే అతిపెద్ద సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ సంస్థ మిగిలినదంతా అప్పుల మీదా, ప్రయాణికుడి జేబు మీదా పెరిగినదే.

పాలు చిన్నదైనా హక్కు పోలేదు. 2014లో రాష్ట్రాన్ని విభజించిన చట్టం ఆర్టీసీని తొమ్మిదవ షెడ్యూలులో చేర్చింది. 2019 అక్టోబరులో తెలంగాణలో కార్మికులు సమ్మె చేసినప్పుడు వ్యాజ్యాలు హైకోర్టుకు వెళ్ళాయి. ఏపీఎస్ ఆర్టీసీలోని తన వాటా కొత్త సంస్థకు దానంతట అది బదిలీ కాలేదని కేంద్రం తరఫున అక్కడ చెప్పారు. యాభై రెండు రోజులు జీతం లేక ఉన్న కండక్టరుకు, తన సంస్థకు చట్టంలో ఉనికి ఉన్నదా లేదా అన్న చర్చ వినబడడం ఎంత విచిత్రం! ఈ పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుండి యాభై వేలకు పైబడిన ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. సంస్థ మాత్రం 1950 చట్టం క్రింద అలాగే నిలిచి ఉన్నది. మనుషులు రాష్ట్రం వారు, కట్టడం కేంద్ర శాసనానిది.

ఇక కేంద్రం చేతిలో ఉన్న మరొక కుళాయి డీజిలు. 2013 జనవరిలో టోకున కొనేవారికి సబ్సిడీ తీసివేశారు. టోకు బేరం చిల్లర బేరం కన్న ప్రియమైనది. లోకంలో ఎక్కడైనా ఉందా ఇది? డిపోలో సొంత బంకు ఉండగా ఆర్టీసీ బస్సులు లారీల వెనుక బయటి బంకుల వద్ద వరుస కట్టాయి. 2022లోనూ ఆ దృశ్యమే మళ్ళీ చూశాము.

మూలధనం ఆగిన చోట పథకాలు మొదలైనవి. జవహర్‌లాల్ నెహ్రూ పేరిట 2005లో వచ్చిన పట్టణ నవీకరణ పథకం క్రింద 2009 నుండి బస్సుల కొనుగోలుకు కేంద్రం డబ్బిచ్చింది. ఇచ్చింది హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి ఎంపిక చేసిన నగరాలకే. 2023 ఆగస్టు 16న పీఎం ఈ-బస్ సేవ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. పదివేల విద్యుత్ బస్సులు, కేంద్రం వంతు ఇరవై వేల కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం మూడు లక్షలు దాటిన నగరాలకు. జాబితాలో కర్నూలు ఉన్నది. ఆదోని జనాభా ఆ లెక్కలలో లక్షా అరవై ఆరు వేల చిల్లర. ఎమ్మిగనూరుది లక్షకు లోపు. ఉరుకుంద సంగతి చెప్పనే అక్కరలేదు. శ్రావణమాసంలో ఒక్కరోజున అక్కడ చేరే జనాన్ని ఏ జనాభా లెక్కలోనూ రాయరు.

నాకు ఇందులో తేడా కనిపిస్తున్నది. పాత పద్ధతిలో కేంద్రం ఇచ్చినది కొంచెమే అయినా సంస్థ మొత్తానికి ఇచ్చింది. ఆ రూపాయి ఏ డిపోకైనా పోవచ్చును, ఆదోని డిపోకూ పోవచ్చును. కొత్త పద్ధతిలో ఎక్కువే ఇస్తున్నది; కానీ ఫలానా నగరమని పేరు వ్రాసి ఇస్తున్నది. పల్లెవెలుగు బస్సుకు ఆ చిరునామాలో చోటు లేదు. దాన్ని రాష్ట్రమే పోషించాలి.

రాష్ట్రం 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పేరిట ఆడవారికి ఉచిత ప్రయాణం ఇచ్చింది. కర్ణాటక 2023 జూన్‌లోనే ఇచ్చి ఉన్నది. రెండూ రాష్ట్రాల సొంత డబ్బుతో నడిచేవి కనుక ఎవరి ఉచితం వారి ఎల్ల వరకే. ఆదోని నుండి ఉరుకుందకు పల్లెవెలుగులో వెళ్ళే ఆడపడుచుకు సున్నా టిక్కెట్టు. సిరుగుప్ప వైపు నుండి అదే స్వామికి ముడుపు కట్టుకొని వచ్చే ఆడపడుచు మాత్రం, 1953లో గీసిన ఆ గీత దాటగానే కొంగుముడి విప్పి ఛార్జీ తీయవలసిందే.