మెమరీ అడుగంటినా ఆగని నకలు: లైనక్స్ కెకాపీడీ కోడ్‌పై ఒక పరిశీలన

ఒక డిస్కులో చదివిన డేటాను మరో డిస్కులో రాయడం పైకి చిన్న పనే. లైనక్స్ కెర్నల్‌లో డివైస్ మ్యాపర్ కోసం ఆ పని చేసే కెకాపీడీ మాత్రం వందల లైన్ల కోడ్. ఫైలు తలభాగంలో 2002 నాటి సిస్టినా, 2006 నాటి రెడ్ హ్యాట్ కాపీరైట్లు కనిపిస్తాయి. స్నాప్‌షాట్, మిర్రర్, థిన్, క్లోన్ టార్గెట్లు దీన్నే వాడుకుంటాయి. ఇందులోని కీలకమైన లైన్లు నకలు తీయడానికి రాసినవి కావు. మెమరీ దొరకని వేళ కూడా పని కదలాలని రాసినవి. సమీక్షకులు ముందుగా చూడాల్సింది వాటినే అని ఈ వ్యాసం వాదన.

స్నాప్‌షాట్ ఉన్న వాల్యూమ్‌పై కొత్త డేటా రాయాలంటే ముందు పాత డేటాను పక్కకు నకలు తీయాలి. మెమరీ ఖాళీ చేసుకోవడానికి కెర్నల్ తన డర్టీ పేజీలను ఆ వాల్యూమ్‌కే రాయబోయిందనుకోండి. నకలుకు పేజీలు కావాలి. ఆ పేజీలు ఖాళీ కావాలంటే నకలు పూర్తవ్వాలి. అదే డెడ్‌లాక్.

అందుకే కెకాపీడీని వాడుకునే ప్రతి క్లయింటుకూ ఒక సబ్‌జాబుకు, అంటే పెద్ద నకలు జాబును విడగొట్టిన ఒక ముక్కకు, సరిపడా పేజీలు ముందే రిజర్వులో ఉంటాయి. సబ్‌జాబు పరిమాణం డిఫాల్టుగా 512 కిలోబైట్లు. అంటే 4 కిలోబైట్ల పేజీలు 128. కొత్త పేజీలు దొరక్కపోతే కెకాపీడీ ఈ రిజర్వును వాడుకుంటుంది. అదీ చాలకపోతే అప్పటిదాకా తీసుకున్నవన్నీ తిరిగిచ్చేసి, జాబును మళ్లీ వరస మొదట్లోనే పెడుతుంది. సగం పేజీలు పట్టుకుని మిగతా సగం కోసం కూర్చోదు. ఈ కోడ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇదే. పెద్ద జాబును నడిపే 8 సబ్‌జాబుల స్ట్రక్చర్లు కూడా మాస్టర్ జాబుతో పాటే ఒకేసారి కేటాయింపు పొందుతాయి.

ఈ జాబులను నడిపే వర్కర్ థ్రెడ్ ముందుగా పూర్తయిన జాబులను, తర్వాత పేజీలు కోరేవాటిని, ఆ తర్వాత ఐఓ జాబులను చూస్తుంది. పూర్తయినవి విడిచిన పేజీలే తర్వాతివాటికి అందుతాయి కనుక ఈ వరస మారకూడదు.

చివరి సబ్‌జాబు ముగిసిన చోటే కాల్‌బ్యాక్‌ను పిలవకుండా, వరసలో పెట్టి వర్కర్ చేత పిలిపించడం కూడా గమనించాలి. కాల్‌బ్యాకులన్నీ ఒకే థ్రెడ్‌లో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయని నమ్మి రాసిన కోడ్ బయట ఉంది. ఆ వరసను తీసేసే ప్యాచ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, టెస్టుల్లో నెగ్గవచ్చు కూడా. రేస్ మాత్రం లోడు పెరిగిన రోజున బయటపడుతుంది.

లోపాలను చెప్పే తీరులో కొంత కొరత ఉంది. రాతలో లోపం వస్తే గమ్యానికి ఒక బిట్ చొప్పున తెలుస్తుంది. గమ్యాలు గరిష్ఠంగా 8. చదవడంలో లోపమైతే వచ్చిందన్న సంగతే తెలుస్తుంది, ఏ సెక్టర్‌లోనో కాలర్‌కు అందదు. ఏ కాపీ చెడిందో తెలుసుకోవడానికి మిర్రర్‌కు ఆ బిట్లు చాలు. స్నాప్‌షాట్ విషయంలో మాత్రం ఈ నకలులో ఏ లోపమొచ్చినా మొత్తం చెల్లకుండా పోతుంది. కఠినమే అయినా, సగమే నమ్మదగిన స్నాప్‌షాట్‌ను చేతికివ్వడం కన్నా ఇది మేలు.

ఈ ఫైలుకు వచ్చే ప్యాచ్‌లలో వేగం లెక్కల కన్నా ముందు, మెమరీ కేటాయింపు విఫలమైనప్పుడు నడిచే దారిని చదవాలి. ఆ దారిలో జాబు ఎక్కడ ఆగుతుందో, దాన్ని ఎవరు లేపుతారో తేల్చని ప్యాచ్‌ను ఎంత వేగం తెచ్చినా వెనక్కి పంపాల్సిందే.