మూడవ తరగతి గడప

మూడవ తరగతి పిల్లవాని వద్ద ఏమి ఆశించవలెను? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఎక్కాలు ఎంతవరకు రావాలి, ఇంగ్లీషు ఎంత చదవాలి, ఇంటిపని ఎంత ఉంటుంది అని ఆరా తీస్తుంటారు. ప్రశ్న చిన్నదే. కాని ఒకనాటి పాలమూరు జిల్లాలో, అనగా నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో, ముప్ఫయి ఏళ్ళకు పైబడి తెలుగు పండితునిగా పనిచేసిన నాకు దాని వెనుక పెద్ద చరిత్రే కనిపిస్తుంది.

నేను ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పినవాణ్ణి. పిల్లలు నా దగ్గరకు ఆరవ తరగతిలో వచ్చేవారు. ఏటా జూన్ మాసంలో వాచకం తెరిపించి తలా ఒక పేరా చదివించేవాణ్ణి. కొందరు గలగలా చదివేవారు. కొందరు అక్షరం అక్షరం కూడబలుక్కొనేవారు. మరికొందరు పక్కవాడు చదివింది విని అదే ఒప్పజెప్పేవారు. ఈ చివరివారు మందమతులు కారు. పొడుపుకథ వేస్తే అందరికంటె ముందు విప్పేవారు. సంతలో బేరం లెక్క నోటితోనే తేల్చేవారు. మరి ఎక్కడ దారి తప్పినారని ఒక్కొక్కరిని అడుగుతూ వెనక్కి వెళితే, ఆ జాడ చాలాసార్లు మూడవ తరగతి దగ్గరకు వచ్చి ఆగేది.

మూడవ తరగతే ఎందుకు? మన లిపిని చూడండి. ఇంగ్లీషు పిల్లవానికి అక్షరాలు ఇరవయ్యారు. మన పిల్లవానికి అచ్చులు, హల్లులు కాక ఒక్కొక్క హల్లుకు పదిహేను పదహారు గుణింత రూపాలు, వెరసి ఐదారువందలు. ఆపైన ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు. మొదటి రెండేళ్ళు ఈ బరువు మోయడానికే సరిపోతాయి. అయితే ఒకసారి ఇది వశమైతే తెలుగులో వ్రాసినదే చదువుతాము, చదివినదే వ్రాస్తాము. ఇంగ్లీషు వర్ణక్రమం పెట్టే బాధ మనకు లేదు. కాబట్టి మూడవ తరగతి నాటికి అక్షరం వెనక్కి తప్పుకొని అర్థం ముందుకు రావాలి. హార్వర్డులో పనిచేసిన జీన్ చాల్ అనే విదుషి 1983లో పఠన దశలను విడదీసి చెబుతూ, మొదటి మూడు తరగతులు చదవడం నేర్చుకొనే కాలమని, అటుపైన చదివి నేర్చుకొనే కాలమని వివరించారు. ఆ రెండు కాలాలకు నడుమనున్న గడప మన మూడవ తరగతి.

ఇక మన ప్రాంతపు చరిత్రలోకి వద్దాము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకు గద్వాల రాజధాని. ఆ సంస్థానం పండితులను ఎంతగా ఆదరించిందంటే దానికి విద్వద్గద్వాల అనే పేరే స్థిరపడింది. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం రాజధానిగా గల జటప్రోలు సంస్థానాలూ వెనుకబడలేదు. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి సత్కారాలు పొందినవారే. నాగర్‌కర్నూలు చేరువనున్న నంది వడ్డెమానే రంగనాథ రామాయణ కర్త గోన బుద్ధారెడ్డి ఏలిన వర్ధమానపురమని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు ప్రకటించిన గోలకొండ కవుల సంచికలో మూడువందల ఏబది నలుగురు కవులు కనిపిస్తారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు అది సమాధానం. ఆ ప్రతాపరెడ్డిగారు నడిగడ్డ బిడ్డే.

కాని ఆస్థానంలో అవధానం జరుగుతున్న రోజున ఆ కోటకు రెండు కోసుల దూరంలోని పల్లెలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఏమి చేస్తున్నాడు? ఈ ప్రశ్న మన సాహిత్య చరిత్రలు అడగవు. ఊళ్ళో బడి ఉంటే అది అయ్యవారి వీధిబడి. ఇసుకలో వ్రేలితో దిద్దడం, ఓనమాలు, గుణింతాలు, ఎక్కాలు, తరువాత శతకం, బుద్ధిమంతుడైతే అమరం. పుదూరు సీతారామశాస్త్రిగారి బాలశిక్ష 1832లో వెలువడిన తరువాత అచ్చు పుస్తకమూ మెల్లగా పల్లెలకు చేరింది. ఆ బడిలో ఒకటవ తరగతి, మూడవ తరగతి అనే లెక్క లేదు. ఏ పుస్తకం దాకా వచ్చినావన్నదే కొలత. అయ్యవారికి జీతం ధాన్యం రూపేణా ముట్టేది. ఆ బడికి వెళ్ళగలిగినవారు కొద్ది కులాలవారు మాత్రమే. గద్వాలను చివరగా ఏలినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మే అయినా, పల్లెలో ఆడపిల్ల చేతికి పలక ఇచ్చిన ఇల్లు అరుదు.

వీధిబడికి ప్రాణం ధారణ. సంస్థాన విద్వత్తుకూ ప్రాణం ధారణే. ఆ శక్తిని నేను తక్కువ చేయను. నాకు అబ్బిన నాలుగు పద్యాలూ ఆ దారినే అబ్బినాయి. కాని అందులో ఒక మోసం దాగి ఉన్నది. అమరం ఆమూలాగ్రం అప్పజెప్పే పిల్లవానికి తెలియని ఉత్తరం ఒకటి చేతికిస్తే చదవలేకపోవచ్చును. అప్పజెప్పడం వేరు, చదవడం వేరు. ఈ రెంటికీ ఉన్న తేడాను మన నేల చాలా కాలం గుర్తించలేదు. నా ఆరవ తరగతి పిల్లలలో పక్కవాని మాట విని ఒప్పజెప్పినవారు ఆ పాత బడికి వారసులే.

నిజాం కాలంలో ఉర్దూ రాజభాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. తెలుగులో చదువు చెప్పే ఖానగీ బడి, అనగా ప్రైవేటు బడి, తెరవాలంటే సర్కారు అనుమతి కావలసి వచ్చేది. ఆ నిబంధనలు తొలగించాలన్నది నాటి ఆంధ్రోద్యమపు ముఖ్యమైన కోరికలలో ఒకటి. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారే. గ్రంథాలయం కావాలి, మాతృభాషలో బడి కావాలి అని ఆ తరంవారు ఎంత పోరాడినా, 1951 జనగణన నాటికి హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పదిమందికి అటూ ఇటూ మాత్రమే. ప్రతాపరెడ్డిగారు 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికై, మరుసటి యేడే కన్నుమూశారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత పల్లెల్లో బడులు పెరిగినాయి. నేను మూడవ తరగతి చదివింది ఆ తరువాతి దశాబ్దంలో, వనపర్తి తాలూకాలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో. ఒకే గది, ఒకే పంతులు, ఐదు తరగతులు. మూడవ తరగతి అంటే గోడ వారన మూడవ వరుస. పంతులు ఒకటవ తరగతికి అక్షరాలు దిద్దించేటప్పుడు మా వరుస ఎక్కాలు వల్లించేది. బలపం అరిగిపోతే సగం విరిచి పంచుకొనేవాళ్ళము. ఇదే కాలంలో వనపర్తి రాజప్రాసాదం 1959లో వచ్చిన పాలిటెక్నిక్‌కు నిలయమైంది. గద్వాల కోటలోనూ తరువాత మహారాణి పేర డిగ్రీ కళాశాల వెలసింది. కోటలు పెద్ద చదువులకు తలుపులు తెరిచాయి, సంతోషమే. కాని పెద్ద చదువుకు పోయే దారి ఆ మూడవ వరుస మీదుగా పోతుందని, దాని మీద దృష్టి పెట్టవలెనని గుర్తించడానికి చాలా ఏళ్ళు పట్టింది. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్న ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చినది 1987లో.

బడి వచ్చినా పిల్లవాడు బడిలో నిలవాలి కదా. పాలమూరు వలసల సంగతి లోకానికి తెలిసినదే. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోసిన కూలీలలో మావారుండేవారు. తల్లిదండ్రులతో పిల్లవాడూ పోతాడు. తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడో ఉంటుంది. నడిగడ్డలో మరొక చిక్కు, పత్తి విత్తనాల సాగు. సాయంకాలం మొగ్గలోని పుప్పొడి భాగం తీసివేయడం, మరునాటి ఉదయం వేరొక పువ్వు పుప్పొడి అద్దడం. దీనినే క్రాసింగు అంటారు. చిన్న చేతులకు ఈ పని బాగా వస్తుందని పిల్లలను, అందులోనూ ఆడపిల్లలను, చేలకు తీసుకుపోయేవారు. శ్రావణం నుంచి కార్తికం దాకా పని. బడిలో ముఖ్యమైన పాఠాలన్నీ నడిచే నెలలూ అవే. ఏడెనిమిదేళ్ళు నిండి, చేతులకు పని పట్టువడే వయస్సు మూడవ తరగతి వయస్సే. 2011 జనగణన లెక్కల ప్రకారం నేటి గద్వాల జిల్లా ప్రాంతంలో అక్షరాస్యత సగానికి కూడ చేరలేదన్నప్పుడు ఈ పత్తి చేలను గుర్తుంచుకోవాలి.

భాష సంగతీ ఉన్నది. నడిగడ్డలో కొన్ని ఇళ్ళలో కన్నడం, పట్టణాలలో ఉర్దూ, తండాలలో లంబాడీ, అమ్రాబాదు వైపు నల్లమలలో చెంచుల తెలుగు. "యాడికి వోతున్నవ్" అనే బిడ్డ పుస్తకంలో "ఎక్కడికి వెళ్ళుచున్నావు" అని చదవాలి. ఒకటి రెండు తరగతులలో పంతులు ఇంటి మాటతో నెట్టుకొస్తాడు. మూడవ తరగతిలో పుస్తకం తన భాషలో తాను మాట్లాడడం మొదలుపెడుతుంది. ఇంటి మాటను తప్పనకుండా పుస్తకపు మాటను దాని పక్కన నిలబెట్టి చూపిన పంతులు దగ్గర పిల్లలు గడప దాటుతారు. ఎగతాళి చేసిన చోట నోరు మూసుకుంటారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. మూడవ తరగతిలో పరిసరాల విజ్ఞానం అనే కొత్త పుస్తకం చేతికి వస్తుంది. నీరు, తిండి, ఇల్లు, ఊరు అందులోని విషయాలు. వనపర్తి పిల్లవానికి శ్రీరంగాపురంలోని రంగసముద్రం, నాగర్‌కర్నూలు పిల్లవానికి కేసరిసముద్రం, గద్వాల పిల్లవానికి జూరాల ఆనకట్ట, మగ్గం మీది పట్టంచు చీర, ఇవన్నీ పాఠాలే. చూపి చెప్పండి. లెక్కలలో వందల స్థానం స్థిరపడి, "చేతిలో ఒకటి" ఎందుకు ఉంచుకుంటామో, తీసివేతలో పక్కవాని దగ్గర అప్పు ఎందుకు తెస్తామో తెలియాలి. గుణకారమంటే పదేపదే కూడడమని, భాగహారమంటే పంచడమని గింజలతోనో గోళీలతోనో తెలిసిన తరువాతే ఎక్కాలు. తెలుగులో తన మాటలతో ఐదారు వాక్యాలు వ్రాయగలగాలి.

అన్నిటికంటె ముఖ్యం చదవడం. ప్రభుత్వాలకూ ఈ సంగతి ఇటీవల బాగా తట్టింది. దేశవ్యాప్త సర్వేలు 2017, 2021, 2024లలో మూడవ తరగతిని పరీక్షించాయి. 2021లో కేంద్రం ప్రకటించిన నిపుణ్ భారత్, మూడవ తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం అరవై మాటలు అర్థంతో చదవాలన్నది. తెలంగాణలో 2022 ఆగస్టులో తొలిమెట్టు మొదలైంది. దృష్టి మంచిదే. కాని నిమిషానికి అరవై అన్న కొలత మీద ఒక తెలుగు పండితునికి అభ్యంతరం ఉంటుంది. "వెళ్ళాలనుకుంటున్నాడు" మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో అది నాలుగైదు మాటలు. గడియారం పట్టుకొని బిడ్డను పరుగెత్తించకండి. చదివినది తిరిగి తన మాటలలో చెప్పగలిగితే చాలును.

ఈ గడప ఎంత సున్నితమైనదో కరోనా చూపించింది. 2019 జూన్‌లో ఒకటవ తరగతిలో చేరిన పిల్లలకు 2020 మార్చిలో బడి మూతపడింది. ఆ సంవత్సరం టీవీ పాఠాలు మూడవ తరగతి నుంచి పైవారికే. రెండవ తరగతి వారికి అవీ లేవు. 2021 సెప్టెంబరు 1న తలుపులు తెరిచేసరికి వాళ్ళు మూడవ తరగతి పిల్లలు. గుణింతాలు మరచినవారి చేతికి పరిసరాల విజ్ఞానం వచ్చింది. నిర్బంధ విద్యాహక్కు చట్టం ప్రకారం పై తరగతికి పంపడమైతే జరుగుతుంది, జరగాలి కూడాను. తప్పించి ఇంట కూర్చోబెడితే ఆ పిల్లవాడు నేరుగా చేనికే పోతాడు. ఆ పిల్లలే 2024లో ఆరవ తరగతికి వచ్చారు. అప్పటికి నేను బడిలో లేను. వారి ముందు వాచకం తెరిచిన పండితుడు వారిని మందమతులనుకోకుండా, గుణింతాల దాకా వెనక్కి వెళ్ళి చేయి పట్టుకొని ఉండాలని మాత్రం కోరుకున్నాను.

తల్లిదండ్రులు చేయదగిన పరీక్ష ఒకటే. పాఠం అప్పజెప్పమనకండి. బడిలో చెప్పని పుట ఒకటి, పాత చందమామో, వార్తాపత్రికలోని చిన్న సంగతో, తెరిచి చేతికివ్వండి. చదివి, "ఇందులో ఏముంది?" అంటే చెప్పగలిగితే మీ బిడ్డ గడప దాటినట్లే, మార్కులెన్ని వచ్చినా దిగులు వద్దు. చెప్పలేకపోతే తిట్టవద్దు, పై పుస్తకాలు కొనవద్దు. రోజుకు ఒక పావుగంట పక్కన కూర్చొని చదివించండి. ఏడాది చాలును. విద్వద్గద్వాల అన్న పేరు మనకు కవులవల్ల వచ్చింది. ఆ పేరు నిలబెట్టవలసినది ఇక మూడవ వరుసలో కూర్చున్న పిల్లలు.

మీ మీ ఊళ్ళ బడులలో మూడవ తరగతి ఎలా ఉండేదో మిత్రులు వ్రాస్తే చదవాలని ఉన్నది.