ఆరోగ్యశాలకు స్థలనిర్ణయము



మన పర్చూరు మొదట గుంటూరు జిల్లాలోనిది. 1970లో నొంగోలు జిల్లా యేర్పడగా నందు జేరెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు వచ్చెను. 2022లో మనము బాపట్ల జిల్లావారమైతిమి. జిల్లా పేరు మారినను నేల మారలేదు. అదే నల్లరేగడి, అదే ప్రత్తి, అదే మిరప. చేనిలో పాము కరచినను, పురుగుమందు చల్లుచు రైతు సొమ్మసిల్లినను, రోగి వైద్యుని చేయి చేరుటకు ముందు దారి దాటవలెను. కావున నాపద్వైద్యశాలను ఏ నేలపై, ఏ తీరున గట్టవలెనను విచారము గ్రామపెద్దలు చేయదగినది. ఈ విషయమున మన పూర్వుల నడవడిని గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున దుర్గనిర్మాణము చెప్పుచు, ఔషధగృహమునకు వాయవ్యభాగమును ప్రత్యేకించెను. అనగా పురము పుట్టకముందే వైద్యమునకు చోటు నిర్ణయమై యుండవలెనన్నమాట. చరకసంహిత సూత్రస్థానమున 15వ యధ్యాయము రోగి యుండు నింటిని వర్ణించుచున్నది. వాస్తువిద్య నెరిగినవాడు దానిని ముందుగా సిద్ధపరుపవలెను. అది దృఢముగ నుండవలెను; గాలి నేరుగా రోగికి తగులరాదు గాని యొక ప్రక్క గాలి యాడుచుండవలెను; తిరుగుటకు సుఖముగ నుండవలెను; పొగ, ఎండ, నీరు, దుమ్ము చొరరాదు; నీటివసతి, వంటయిల్లు, స్నానస్థలము, మరుగుదొడ్డి యుండవలెను. ఐరోపాలో క్రిమియా యుద్ధానంతరము ఫ్లారెన్సు నైటింగేలు 1859లో ఆసుపత్రుల నిర్మాణమును గూర్చి గ్రంథము ప్రకటించి, గాలి వెలుతురులకే ప్రాధాన్యమిచ్చెను. కాలము వేరు, దేశము వేరు, బుద్ధి యొక్కటియే.

ఇక మన కృష్ణాతీరమునకు వత్తము. తుళ్ళూరు ప్రాంతమున మల్కాపురములో నొక శిలాస్తంభము కలదు. అది 1261వ సంవత్సరపుది. కాకతి రుద్రమదేవి తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు మందడము, వెలగపూడి గ్రామముల నిచ్చినట్లు దానిపై నున్నది. ఆయన యా యాదాయమును విభజించి మఠమునకును, సత్రమునకును, ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును వినియోగించెను. అధ్యాపకులతో పాటు వైద్యునకు, లెక్కలు వ్రాయు కాయస్థునకుగూడ జీవనము కల్పించెను. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారికెల్ల నన్నము పెట్టవలెనని శాసించెను. ఇచ్చట గమనింపవలసినది రెండు సంగతులు. దానము చేసినది ఫలమిచ్చు గ్రామములు, ఎవరికిని పనికిరాని బీడు కాదు. కట్టి విడుచుట గాక, నిత్యము నడచుటకు వలయు రాబడికూడ చూపిరి.

ఈ రెండవ సంగతి కంటె మొదటిది నాకు బాగుగ నర్థమగుటకు కారణమొకటి కలదు. నేను బడిపంతులుగా నున్న దినములలో నొక యూర, దాని పేరు చెప్పను, ఒక దాత వైద్యశాలకు నేల నిచ్చెను. సభ జరిగెను. నేనును స్తుతిపద్యములు చదివితిని. ఆ నేల పల్లము. వానలకు నీరు నిలిచి పంట రాక విడిచినది. ఆ సంగతి నాకును తెలియును. అడుగుటకు నోరు రాలేదు. కట్టడము లేచెను. తరువాత నొక తుపాను దినమున నా పూర్వశిష్యుడు మిరపచేనిలో పాముకాటు తినెను. వానిని మంచముపై బెట్టి మోకాటిలోతు నీటిలో మోసికొనిపోయితిమి. గుమ్మము మెట్లయొద్ద మంచము తిరుగలేదు. మరల వానిని దింపి చేతులపై నెత్తవలసివచ్చెను. వాడు బ్రతికెను గాని యా కాలు మునుపటివలె కాలేదు. నాటి పద్యములు తలచుకొన్నపుడెల్ల నేటికిని సిగ్గు కలుగుచున్నది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ప్రారంభమయ్యెను. పిలిచిన బండి వచ్చును. అది వైద్యశాల వాకిటివరకు పోవలెనుగదా! కావున స్థలము చూచునపుడు వానకాలమున చూడుడు, వేసవిలో గాదు. అడంగలు తెరచి చూడుడు. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు నీటి సొత్తు. నీరు తన చోటు మరువదు. పంజాబులోని యొక గ్రామపు చెరువును గూర్చిన వ్యాజ్యమున 2011లో సర్వోన్నత న్యాయస్థానము గ్రామపు ఉమ్మడి భూముల యాక్రమణలను తొలగింపవలెనని తీర్పిచ్చెను. సాగుభూమిని మార్చుటకు అనుమతి పొందవలెనని మన రాష్ట్రమున 2006లో శాసనము చేయబడెను. చట్టములు మారుచుండును, అనుమతి పత్రమును అడ్డుగా దలపక, నేలను మరియొకమారు పరీక్షించుటకు దొరికిన యవకాశముగా దలపవలెను.

నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. పై పొరపై నిలిపిన గోడ పగులును. మట్టిని పరీక్షించి లోతుగ పునాది వేయవలెను. బండి వచ్చు దారి వేరుగను, నిత్యము మందులకు వచ్చువారి దారి వేరుగను ఉండవలెను. మెట్లకు బదులు వాలుదారి, మంచము తిరుగు వెడల్పు ద్వారము, వాననీటికందని యెత్తున విద్యుత్తుయంత్రము కావలెను.

రేపు మన గ్రామములలో నెవరైన నేల నిచ్చెదమని వచ్చినచో పెద్దలు నమస్కరించి, పిమ్మట నొక్క మాట యడుగుడు: “అయ్యా, కార్తెవానలో నీ నేల నెట్లుండును?” అడిగినందున దాత కొంచెము నొచ్చుకొనవచ్చును. అడుగకున్న నొచ్చునది రోగి. నేనానాడు అడుగలేదు. మీరు అడుగుడు.

సెలవు.