క్యారీ మే వీమ్స్: ఛాయాచిత్రానికి వాక్కునిచ్చిన కళాకారిణి

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1953లో జన్మించిన క్యారీ మే వీమ్స్ ఛాయాచిత్రానికి అక్షరాన్ని, వస్త్రాన్ని, ధ్వనిని జోడించిన నల్లజాతి కళాకారిణి. 1990 నాటి ‘కిచెన్ టేబుల్ సిరీస్’లో ఒకే వంటింటి బల్ల, ఒకే వేలాడు దీపం, ఒక స్త్రీ జీవితం. ఆ స్త్రీగా కూర్చున్నది ఆమెయే. 2013లో మెకార్థర్, 2023లో హాసెల్‌బ్లాడ్ పురస్కారాలు లభించాయి.

దక్షిణ కరోలినాలో 1850లో బానిసల దుస్తులు తొలగించి తీయించిన చిత్రాలు హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధీనంలో ఉండేవి. 1995-96లో వీమ్స్ వాటిలో నాలుగింటిని ఎర్రని వర్ణంలో పెద్దవిగా ముద్రించి, పైగాజుపై మాటలు చెక్కించారు. హార్వర్డ్ దావా వేస్తామని హెచ్చరించింది. న్యాయస్థానంలోనే తేల్చుకుందామని ఆమె బదులిచ్చారు. దావా పడలేదు. పైగా, బెదిరించిన సంస్థయే ఆ కృతిలో కొంత భాగాన్ని కొనుగోలు చేయడం విశేషం! తమ పూర్వీకుల చిత్రాలవి అంటూ వేరొక మహిళ వేసిన దావాలో రాజీపడి, మూల ఛాయాచిత్రాలను వదులుకొనుటకు 2025లో హార్వర్డ్ సమ్మతించింది.