చెదరిన అక్షరాలను చదువుట

అనంతపురం జిల్లాలోని గుత్తికి సమీపాన, కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద, క్రీ. పూ. 3వ శతాబ్దపు అశోకుని శాసనాలున్నవి. బ్రాహ్మీలిపి సాధారణంగా ఎడమనుండి కుడికి నడుస్తుంది. ఇక్కడి లఘు శాసనంలో మాత్రం కొన్ని పంక్తులు కుడినుండి ఎడమకు చెక్కబడినవి. అక్షరాలన్నీ వచ్చినవాడైనా పంక్తి నడక తెలియకపోతే అర్థంలేని ధ్వనులనే చదువుతాడు.

కంప్యూటరుకూ ఇట్టి చిక్కే ఎదురైనది. దానికి తెలిసినవి అంకెలే. 0 నుండి 255 వరకు గల సంఖ్య ఒక్కటి పట్టే చోటును బైటు అంటారు. ఏ సంఖ్య ఏ అక్షరమో ముందుగా ఒప్పందం ఉండాలి. 1991 నాటి భారతీయ ప్రమాణమైన ‘ఇస్కీ’లో ‘క’ అంటే 179. అదే ఏట వెలువడిన యూనికోడ్‌లో ‘క’ సంఖ్య 3093. ఇది ఒక బైటులో ఇమడదు గదా! 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతి దీనిని 224, 176, 149 అని మూడు బైట్లుగా వ్రాస్తుంది. వీటిని పాశ్చాత్య భాషల విండోస్ పట్టికతో చదివితే, ‘క’ బదులు నెత్తిన గీత గల రోమన్ అక్షరం, డిగ్రీ గుర్తు, నల్లని చుక్క వస్తాయి.

యూటీఎఫ్-8లో అక్షరానికి తలగా వచ్చే బైట్లు వేరు, వెంట నడిచే బైట్లు వేరు. వెంట నడిచేవి 128 నుండి 191 వరకే. కనుక ఇస్కీ వారి 179 ఒంటరిగా వస్తే, అది తలలేని తోక అని యంత్రం పసిగడుతుంది.

పసిగట్టిన పిమ్మట ఏమి చేయాలి? 1958లో జాన్ మెకార్తీ ఆరంభించిన లిస్ప్ భాషా కుటుంబంలో దీనికి చక్కని మార్గమున్నది. 1994లో అమెరికన్ ప్రమాణమైన కామన్ లిస్ప్‌లో తప్పును కనిపెట్టే భాగం వేరు, తీర్పు చెప్పే భాగం వేరు. చెరువుకట్టకు గండి చూచిన నీరుగంటి పరుగెత్తి ఇంటికి పోడు. అక్కడే నిలిచి, చేయదగిన ఉపాయాలను పెద్దలకు తెలిపి, వారి మాట ప్రకారం పని సాగిస్తాడు. ఇదీ అంతే. చెడిన బైటును దాటి తరువాతి తలను వెదకవచ్చు. దాని స్థానే వేరొక గుర్తును ఉంచవచ్చు. లేదా చదువుట ఆపవచ్చు.

అట్లు ఉంచేందుకు యూనికోడ్‌లో 65533వ గుర్తు ఉన్నది. నల్లని వజ్రాకారంలో ప్రశ్నార్థకం. అయితే ఆ గుర్తుతోనే ప్రతిని భద్రపరిస్తే అసలు 179 శాశ్వతంగా పోతుంది. అది ఇస్కీ ‘క’ అని తరువాత తెలిసినా ఫలితముండదు. శాసన పరిశోధకులు చెరిగిన అక్షరాన్ని ఊహించి పూరించినప్పుడు దానిని కుండలీకరణంలో చూపుతారు. రాతి అచ్చును మాత్రం దాచియుంచుతారు. కంప్యూటరు ప్రతులకూ అదే నీతి: సవరించిన పాఠంతో పాటు మూలపు బైట్లనూ దాచవలెను.