చెవిటి క్రీడాకారుడు విలియం హోయ్



అమెరికా దేశమున బంతియాటయే వృత్తిగా జీవించిన యొక చెవిటివాని చరిత్రమును నేడు చెప్పబూనితిని. పురాణము చెప్పుకొనవలసిన వయస్సున ఈ ముదుసలికి బంతియాటతో నేమి పనియని మీలో కొందరికి తోచవచ్చును. కారణమును నడుమ చెప్పెదను.

ముందుగా ఆట నెఱిగింపవలెను. దాని పేరు బేస్‌బాల్. చతురస్రముగా నాలుగు మూలల నాలుగు గుఱుతు లుండును. ఒక్కొక్క దానికి నడుమ 90 అడుగులు. పిచ్చరు బంతి విసరును. బ్యాటు పట్టినవాడు దానిని కొట్టి, గుఱుతులను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి మరలివచ్చినచో నొక పరుగు. సరియైన బంతిని కొట్టక విడిచినను, గురి తప్పినను అది స్ట్రైకు. అట్టివి మూడైనచో నతడు వెడలవలెను. బంతియే త్రోవ తప్పినచో అది బాలు. అట్టివి నాలుగైనచో నతడు ఊరకయే మొదటి గుఱుతునకు నడచును. ఈ నాలుగను లెక్క 1889లో ఏర్పడినది. మైదానపు దూరపుటంచున ముగ్గురు నిలిచి, ఎగిరివచ్చు బంతులను పట్టుదురు. వారు ఔట్‌ఫీల్డర్లు. ఏది స్ట్రైకో, ఏది బాలో ఆ కాలమున అంపైరు కేకవేసి చెప్పెడివాడు. ఆ కేక వినబడనివాని గతి యేమి?

విలియం ఎల్స్‌వర్త్ హోయ్ 1862వ సంవత్సరము మే 23వ తేదీన ఒహాయో రాష్ట్రమందలి హౌక్‌టౌన్ అను పల్లెలో నొక రైతు కుటుంబమున జన్మించెను. మూడేండ్ల ప్రాయమున మెదడుపొరలకు సోకిన జ్వరముచేత వినికిడి సంపూర్ణముగా పోయెను. చెవి లేనివానికి మాట యెట్లు వచ్చును? తలిదండ్రులు వానిని కొలంబస్ పట్టణమందలి బధిరుల పాఠశాలకు పంపిరి. అచ్చట చదువులో ప్రథముడై నిలిచి, చెప్పులు కుట్టు పనియు నేర్చి, స్వగ్రామమున దుకాణము పెట్టెను. వేసవిలో పల్లెవారు వట్టికాళ్ళతో తిరుగుదురు గనుక దుకాణమునకు బేరము లుండెడివి కావు. ఆ తీరికలో ఊరి కుఱ్ఱవాండ్రతో బంతియాడుచుండగా త్రోవనుబోవు నొక పెద్దమనిషి చూచి, వేఱొక యూరి జట్టులోనికి పిలిచెనట. అట్లు మొదలైనది ఆ వృత్తి.

1886లో విస్కాన్సిన్ రాష్ట్రమున ఆష్‌కాష్ అను పట్టణపు జట్టులో కూలికి కుదిరెను. ఆ యేడు బ్యాటు పట్టిన ప్రతిమాఱు అవస్థయే. అంపైరు ఏమనెనో తెలిసికొనుటకు వెనుదిరిగి చూచునంతలో పిచ్చరు మఱియొక బంతిని విసరివేయుచుండెను. మఱుసటి యేడు హోయ్ ఒక యుపాయము పన్నెను. మూడవ గుఱుతు చెంత నిలుచు తన జట్టు శిక్షకుడు స్ట్రైకునకు కుడిచేయి, బాలునకు ఎడమచేయి యెత్తవలెనని కోరెను. ఆ సంజ్ఞలతో అతని ఆట నిలదొక్కుకొనెను. 1887లో ఆ జట్టు తమ లీగులో గెలుపొందినది.

ఇచ్చట నా మాట యొకటి. నేను బడిపంతులుగా చేరిన తొలి యేటిలో వెనుకబల్లపై నొక బాలుడు కూర్చుండెడివాడు. పిలిచిన పలుకడు, అడిగినదానికి వేఱొకటి చెప్పును. వానిని మందమతి యని నిర్ణయించి బెత్తముతో ఎన్నిమాఱులు కొట్టితినో లెక్కలేదు. అర్ధసంవత్సరము గడచిన పిదప వాని అవ్వ వచ్చి, "అయ్యా, వాడికి జ్వరమొచ్చినప్పటినించీ చెవులు వినబడవు" అని చెప్పినది. వ్యాకరణము, అలంకారశాస్త్రము చదివిన నాకు, ఆ బాలుడు నా పెదవులవంకనే యేల చూచుచుండెనో తెలిసినది కాదు. వానిని ముందుబల్లకు తెచ్చితిని. మఱుసటి యేడే వాడు బడి మానెను. హోయ్ కథ చదివిననాటినుండి వాని ముఖమే జ్ఞప్తికి వచ్చుచున్నది.

1888లో వాషింగ్టన్ జట్టు హోయ్‌ను ప్రధాన లీగులోనికి తీసికొనెను. పొట్టివాడు, వడిగల పరుగువాడు. ఆ తొలియేటనే 82 గుఱుతులను దొంగిలించి, అనగా బంతి కొట్టబడకయే పరుగిడి చేరి, నేషనల్ లీగు నందు ప్రథముడయ్యెను. నాటి దొంగిలింపుల లెక్కకు, 1898 తరువాతి లెక్కకు భేదము కలదు; కావున నేటివారితో పోల్చుట న్యాయము కాదు. తోడి యాటగాండ్రతో గ్రుద్దుకొనకుండుటకు జట్టువారి గదిలో నొక ప్రకటన అంటించెను. బంతి తనదైనచో తాను కేక వేసెదననియు, కేక వినబడనిచో తాను వచ్చుటలేదని యెఱుంగవలెననియు దాని తాత్పర్యము. తన కేకను తాను వినలేనివాడు వ్రాసిన మాట యది!

1889 జూన్ 19న ఒకే పందెములో, దూరపుటంచునుండి బంతి విసరి, ముగ్గురిని వేఱువేఱుగా ఆఖరి గుఱుతు కడ ఔట్ చేయించెను. అచ్చట ఆ బంతుల నందుకొన్నవాడు తరువాత ప్రఖ్యాతుడైన కానీ మాక్.

పత్రికలును, ప్రేక్షకులును వానిని "డమ్మీ" యనిరి. మూగవాడని యర్థము. నాటి అమెరికాలో చెవిటి యాటగాండ్ర కందఱకు నదియే పేరు. హోయ్ దానికి రోషపడలేదు. తానును ఆ పేరే వాడుకొనెను. అది యతని యౌదార్యమని కొందఱందురు. నాకు మాత్రము అది వినుటకు కష్టముగానే యున్నది.

పిమ్మట బఫెలో, సెయింట్ లూయిస్, సిన్సినాటి, లూయివిల్, చికాగో జట్ల కాడెను. 1898లో అన్నా లౌరీ అను బధిర ఉపాధ్యాయినిని వివాహమాడెను. 1902లో మరల సిన్సినాటికి వచ్చెను. ఆ యేడు మే 16న న్యూయార్క్ జట్టున బంతి విసరుటకు నిలిచిన లూథర్ టేలరు కూడ చెవిటివాడే. ప్రధాన లీగులో ఇద్దఱు బధిరు లెదురెదుర నిలుచుట అదియే ప్రథమము. హోయ్ చేతిసంజ్ఞలతో వానిని పలుకరించెనని చెప్పుదురు. ఆ యేటితో ప్రధాన లీగు ముగిసెను: పదునాలుగేండ్లు, సుమారు 1,800 పందెములు, రెండువేలకు మించిన హిట్లు.

నేడు అంపైర్లు చేయు సంజ్ఞలన్నియు హోయ్ వలననే పుట్టినవని బధిరులలో గట్టి నమ్మకము. శిక్షకుని సంజ్ఞలు నిజము. కాని 1886లోనే ఎడ్ డండన్ అను మఱియొక బధిరుడు అంపైరుగా నిలిచి, వ్రేళ్ళతో తీర్పు చెప్పినట్లు నాటి పత్రిక వ్రాసినది. 1905లో నేషనల్ లీగున చేరిన బిల్ క్లెమ్ అను అంపైరునకు ఆ కీర్తిని కట్టబెట్టువారును కలరు. ఒక్కనిదే యని చెప్పజాలను. అయితే వినలేనివారి యక్కఱ నుండి మొలిచిన దానిని వినగలవాని ఖాతాలో మాత్రమే వ్రాయుట నాకు సమ్మతము కాదు.

ఆట మానిన పిదప హోయ్ సిన్సినాటి చెంత పాడిపశువులను పెంచి చాలకాలము జీవించెను. 1961 అక్టోబరులో ఆ నగరమున జరిగిన వరల్డ్ సిరీస్ మూడవ పందెమునకు, 99 ఏండ్ల ఆ వృద్ధునిచే తొలి బంతిని విసరించిరి. అదే సంవత్సరము డిసెంబరు 15న మరణించెను. కూపర్స్‌టౌన్ కీర్తిమందిరమున వానికి చోటు కావలెనని బధిర సంఘములవారు విన్నపములు పంపుచునే యున్నారు.